తల్లి ప్లీడరు, కూతురు డాక్టరు

షుగర్‌లాండ్, టెక్సస్
2025 జూన్ 8, ఆదివారం

ఈ ఊళ్లో ఎటు వెళ్లినా ప్లీడర్ల మొహాలే. హైవే పక్కన తాటిచెట్టంత ఎత్తున బోర్డు, దాని మీద సూటు తొడిగిన మనిషి, కింద ఫోన్ నంబరు. మన దగ్గర ఇలా బొమ్మ వేయించుకుంటే బార్ కౌన్సిల్ పిలిచి సంజాయిషీ అడుగుతుంది. గుడి నుంచి వచ్చే దారిలో అన్నీ చదువుకుంటూ వచ్చాను. లారీ గుద్దినవాళ్లకి బోర్డుంది. చమురు బావి దగ్గర దెబ్బ తగిలినవాళ్లకుంది. తుపానుకి కప్పు ఎగిరిపోతే బీమా కంపెనీ డబ్బు ఎగ్గొట్టినవాళ్లకుంది. డాక్టరు తప్పు చేశాడా, మా దగ్గరికి రండి అనే బోర్డు ఒక్కటీ కంటబడలేదు. అమెరికాలో తుమ్మితే డాక్టరు మీద కేసు వేస్తారట అని గుంటూరు బార్ అసోసియేషన్లో టీ తాగుతూ ఎన్నేళ్లు చెప్పుకున్నామో!

అడిగితే అమ్మాయి రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, “ఆ కొట్టు 2003లోనే కట్టేశారమ్మా” అంది. కాస్త సంతోషంగానే అంది. దాని వృత్తి అది. కాన్పుల డాక్టరు.

జూన్ 10, మంగళవారం

అమ్మాయీ అల్లుడూ పనికి వెళ్లాక కూర్చుని చట్టం చదివాను. రిటైరయ్యానన్న మాటే గానీ సెక్షన్లు కనబడితే చెయ్యి ఊరుకోదు.

2003లో టెక్సస్ శాసనసభ హౌస్ బిల్ 4 చేసింది. వైద్యంలో నిర్లక్ష్యం రుజువైనా సరే, నొప్పికి, అవిటితనానికి, మనోవేదనకి డాక్టర్ల వైపు నుంచి వచ్చేది మొత్తం 2,50,000 డాలర్లు దాటకూడదు. ముగ్గురు డాక్టర్లు కలిసి పాడుచేసినా అంతే. ఆసుపత్రి ఉంటే దాని నుంచి ఇంకో రెండున్నర లక్షలు, రెండో ఆసుపత్రి కూడా బాధ్యురాలైతే మరో రెండున్నర. అక్కడికి సరి, 7,50,000. పోయిన జీతానికి, ఆసుపత్రి బిల్లులకి, ముందుముందు అయ్యే వైద్యం ఖర్చుకి మాత్రం ఈ హద్దు లేదు. ధరలు పెరిగితే ఈ అంకె పెరుగుతుందా అని వెతికాను. పెరగదు. 2003లో ఎంతో ఇవాళా అంతే.

కోర్టులు కొట్టేస్తాయన్న భయంతో రాజ్యాంగ సవరణ కూడా పెట్టారు. 2003 సెప్టెంబరు 13న ఓటింగ్, 12వ ప్రతిపాదన. 51 శాతంతో గట్టెక్కింది. నవంబరులో అయితే హ్యూస్టన్ మేయరు ఎన్నికకి జనం బాగా కదులుతారని, అందుకే ముందుకు జరిపారని ఓడినవాళ్ల ఆరోపణ. నమ్మబుద్ధవుతోంది. ఎన్నికల తేదీ ఎవరు ఎందుకు ఎంచుకుంటారో మనకి ఒకరు చెప్పాలా!

అసలు మెలిక ఇంకోటి. డాక్టరు కోర్టులో జవాబు వేసిన 120 రోజుల్లోగా ఇంకో డాక్టరు చేత నివేదిక రాయించి ఇవ్వాలి: పద్ధతి ఏమిటి, ఎక్కడ తప్పారు, దానివల్లే నష్టం ఎలా జరిగింది అని. ఇవ్వలేకపోతే కేసు కొట్టేస్తారు, పైగా అవతలి ప్లీడరు ఫీజు కూడా మనమే కట్టాలి. అత్యవసర విభాగంలో జరిగిందైతే మామూలు నిర్లక్ష్యం చాలదు, తెలిసి తెలిసి బరితెగించాడని నిరూపించాలి.

ఇక్కడి ప్లీడరు ముందుగా ఫీజు పుచ్చుకోడు. గెలిస్తే దాదాపు మూడో వంతు తనది, ఓడితే పెట్టిన ఖర్చు కూడా పోయినట్టే. మన బార్ కౌన్సిల్ దీన్నీ ఒప్పుకోదు. నిపుణులైన డాక్టర్లకి, రికార్డులకి, సాక్ష్యాలకి అంతా ఆయన జేబులోంచే. అలాంటివాడు కేసు పట్టుకొచ్చిన మనిషిని చూసి మొదట ఏం ఆలోచిస్తాడు? పాపం ఎంత కష్టమొచ్చిందీ అని కాదు. ఈమె జీతమెంత అని.

బోర్డులు ఎందుకు లేవో అర్థమైంది.

జూన్ 15, ఆదివారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మాయితో వాదన. గుత్తి వంకాయ చల్లారిపోయింది.

“నువ్వెప్పుడూ రోగి పక్కన నిలబడి చూశావమ్మా. ఇటువైపు కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది” అంది. దాని మీద ఒక కేసు పడిన సంగతి నాకు అప్పట్లో చెప్పలేదు. డ్యూటీ మారే సమయంలో చార్టు మీద సంతకం పెట్టింది, అంతే. చార్టులో ఎన్ని పేర్లుంటే అందర్నీ ప్రతివాదులు చేయడం ప్లీడర్ల అలవాటు. మేమూ చేస్తాం, చివరికి ఎవరు మిగులుతారో మొదట్లో తెలీదు కాబట్టి. డిపోజిషన్‌లో అంటే విచారణకి ముందు ప్రమాణం చేయించి తీసుకునే వాంగ్మూలంలో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగారట. తర్వాత దీని పేరు తీసేశారు. పైసా కట్టలేదు.

“అయితే అయిపోయినట్టేగా?”

“ఎక్కడ? కొత్త ఆసుపత్రిలో చేరేటప్పుడు, లైసెన్సు రెన్యువల్‌కి, బీమాకి, ప్రతి ఫారంలో అదే ప్రశ్న. నీ మీద ఎప్పుడైనా కేసు పడిందా? పడింది అని టిక్కు పెట్టి, ప్రతిసారీ ఒక పేజీ సంజాయిషీ రాయాలి. నాకు డబ్బు భయం లేదమ్మా, డబ్బు బీమావాళ్లిస్తారు.”

ఇంకో మాట కూడా అంది. కాన్పు గదిలో బిడ్డ గుండె చప్పుడు కాగితం మీద గీతల్లా వస్తుంది. ఆ గీత కొంచెం అటూ ఇటూ అయితే ఆగి చూడొచ్చు, ఆగితే చాలాసార్లు సర్దుకుంటుంది. “కానీ సిజేరియన్ చేసినందుకు కేసు వేసినవాణ్ని నేను చూడలేదు. చేయనందుకు వేస్తారు. రాత్రి రెండింటికి ఆ గీత చూస్తూ నాకు నీలాంటివాళ్లే గుర్తొస్తారు.”

నీలాంటివాళ్లు! కన్నతల్లితో!

అయినా అది చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ఒకటే అడిగాను: 2003 తర్వాత కేసులు సగానికి పైగా తగ్గిపోయాయి కదా, మరి ఆ గీత చూసినప్పుడు నీ భయం సగమైందా? కాసేపు ఆలోచించి, “లేదు” అంది.

జూన్ 19, గురువారం

అల్లుడికి ఇలాంటి వాదనల్లో లెక్కలు కావాలి. “అత్తయ్యా, డాక్టర్లు కట్టే ప్రీమియం తగ్గిందా లేదా?” తగ్గింది. ఇక్కడ డాక్టర్లకి బీమా ఇచ్చే పెద్ద ట్రస్టు ఒకటి 2004 జనవరి నుంచే 12 శాతం తగ్గించింది, తర్వాత ఇంకా తగ్గించింది. “మరి రోగుల బిల్లు?” అంటే, దానికి మెక్‌ఆలెన్ కథ చెప్పాను.

మెక్సికో సరిహద్దులో రియో గ్రాండె లోయలో ఊరది. అతుల్ గవాండె 2009లో న్యూయార్కర్ పత్రికలో దాని గురించి రాశాడు. 2006లో అక్కడి ఒక్కొక్క వృద్ధుడి మీద ప్రభుత్వ వైద్యబీమా మెడికేర్ పెట్టిన ఖర్చు 15,000 డాలర్లు, దేశం సగటుకి దాదాపు రెట్టింపు. అదే సరిహద్దు మీదున్న ఎల్‌పాసోలో అందులో సగం. ఎందుకిలా అని అక్కడి డాక్టర్లనే భోజనానికి కూర్చోబెట్టి అడిగితే మొదట కేసుల భయం అన్నారట. చట్టం వచ్చాక కేసులే లేవు కదా అంటే, ఒక సర్జనే ఒప్పుకున్నాడు: అక్కడ అవసరానికి మించి వైద్యం చేస్తున్నారని. స్కానింగుల్లో, ఆపరేషన్ సెంటర్లలో వాటాలున్న డాక్టర్లకి ఎక్కువ చేస్తే ఎక్కువ వస్తుంది. ఈ మాట విజయవాడలో ఎవరికి చెప్పినా ఆశ్చర్యపోరు.

బ్లాక్, హైమన్, పైక్, సిల్వర్ అనే నలుగురు ప్రొఫెసర్లు టెక్సస్ లెక్కలు ఏళ్ల తరబడి తవ్వారు. చట్టానికి ముందు డాక్టర్లు పారిపోయిందీ లేదు, చట్టం వచ్చాక వెల్లువెత్తిందీ లేదు, మెడికేర్ ఖర్చు తగ్గిందీ లేదు అని తేల్చారు. అమ్మాయి దీనికి ఒప్పుకోలేదు. తనకి తెలిసిన ఫలానా డాక్టరు పెన్సిల్వేనియా నుంచి వచ్చిందట. ఒకరొచ్చారు, నిజమే.

జూన్ 28, శనివారం

సాయంత్రం వాకింగులో ఒక పెద్దాయన పరిచయం. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1970లలో వచ్చేశారు, మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను ప్లీడర్నని తెలియగానే రెండడుగులు వెనక్కి వేసినట్టు నటించారు. “లాయరమ్మగారూ, నేను ఆస్తులన్నీ అమ్మేశానండోయ్!” సరసుడు.

ఆయనే డంచ్ గురించి చెప్పారు. క్రిస్టఫర్ డంచ్, డాలస్ చుట్టుపక్కల వెన్నెముక ఆపరేషన్లు చేసిన సర్జను. 2011 నుంచి 2013 వరకు 38 మందికి చేశాడు, 33 మంది దెబ్బతిన్నారు, ఇద్దరు చనిపోయారు. నరాలు తెగ్గోశాడు, స్క్రూలు ఎముకలో కాకుండా కండలో బిగించాడు. మొదటి ఆసుపత్రి ఆయన్ని తీసేయకుండా తనంతట తనే రాజీనామా చేసినట్టు పంపించింది. తీసేస్తే డాక్టర్ల మీద చర్యలు నమోదు చేసే జాతీయ డేటా బ్యాంకుకి రాయాలి, తర్వాత గొడవ. రాయలేదు కాబట్టి ఇంకో ఆసుపత్రి తలుపు తెరిచింది. బాధితుల్లో కొందరికి ప్లీడరు దొరకడమే కష్టమైంది. సర్జను నుంచి వచ్చే బాధ పరిహారం రెండున్నర లక్షలు దాటదు. అలాంటివాణ్ని పెట్టుకున్న ఆసుపత్రిని పట్టుకోవాలంటే, టెక్సస్‌లో నిర్లక్ష్యం చాలదు, దురుద్దేశం చూపించాలి. చివరికి 2017లో డాలస్ జ్యూరీ ఆయనకి క్రిమినల్ కేసులో యావజ్జీవం వేసింది.

“చూశారా, సివిల్ దారి మూసేస్తే ఏమవుతుందో” అన్నాను.

ఆయన వదల్లేదు. “వాణ్ని ఆపింది ప్లీడర్లు కాదండీ. వాడు పాడుచేసిన కేసుల్ని మళ్లీ తెరిచి బాగుచేసిన ఇద్దరు సర్జన్లు. మెడికల్ బోర్డు వెంటపడి, జిల్లా ప్రాసిక్యూటరు ఆఫీసు చుట్టూ తిరిగి, వాళ్లు పట్టించారు. డాక్టర్లం ఒకళ్లనొకళ్లం కాపాడుకుంటామంటారు కదా, అది మాత్రం రాసుకోండి.”

రాసుకున్నాను.

జూలై 6, ఆదివారం

జీతం లేని మనిషి. ఇది నన్ను వదలడంలేదు.

ఈ చట్టంలో బతికున్నవాడి సంపాదనకి హద్దు లేదు, బాధకే హద్దు. వినడానికి సమంజసంగానే ఉంటుంది. బాధని ఎవరు కొలుస్తారు, జ్యూరీలు దయతో కోట్లు రాసేస్తే ఎలా అంటారు. సరే. నలభై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆపరేషన్ బల్ల మీద అవిటివాడైతే పోయిన జీతం లెక్కే కొన్ని మిలియన్లు. వాడి కేసుకి ప్లీడరు పరిగెత్తుకొస్తాడు. వాడి తల్లి, ఇక్కడికి మనవల్ని చూసుకోవడానికొచ్చిన డెబ్భై ఏళ్ల మనిషి, అదే బల్ల మీద అదే తప్పుకి పోతే? జీతం సున్నా. మిగిలేది హద్దు వేసిన బాధ ఒక్కటే. అందులో ఖర్చులు పోగా ప్లీడరుకి గిట్టదు. కేసు లేదు. పసిబిడ్డ పోతే కేసు లేదు. ఇంటిపని చేసుకునే ఆడమనిషి గర్భసంచి పోగొట్టుకుంటే కేసు లేదు. చట్టంలో ఎక్కడా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అనే మాట లేదు. రాయనక్కర్లేకుండానే వాళ్లని బయట నిలబెట్టింది.

కాలిఫోర్నియాలో ఇది ఇంకా పాతది. 1975లో జెర్రీ బ్రౌన్ గవర్నరుగా సంతకం పెట్టిన మైక్రా చట్టంలోనూ ఇదే రెండున్నర లక్షలు. ధరలన్నీ పెరిగాయి, ఆ అంకె కదల్లేదు. 2014లో జనం ముందుకి ఓటుకి వచ్చింది. అదే ప్రతిపాదనలో డాక్టర్లకి మాదకద్రవ్యాల పరీక్ష కూడా కలిపారు. డాక్టర్లు, బీమా కంపెనీలు కోట్లు కుమ్మరించి ఓడించారు. 2022లో మరో ఓటింగు మీదికి వస్తోందనగా రెండు పక్షాలూ రాజీపడ్డాయి. ఇప్పుడు మరణం లేని కేసుల్లో మూడున్నర లక్షల నుంచి పదేళ్లలో ఏడున్నర లక్షలకి, మరణిస్తే ఐదు లక్షల నుంచి పది లక్షలకి పెరుగుతూ పోతుంది. 47 ఏళ్లు పట్టింది!

ఫ్లోరిడా మరీ విడ్డూరం. 1990 నుంచి అక్కడ ఒక నియమముంది. భర్త గానీ భార్య గానీ, పాతికేళ్లలోపు పిల్లలు గానీ లేని మనిషి వైద్య నిర్లక్ష్యంతో చనిపోతే, పెద్ద పిల్లలు గానీ తల్లిదండ్రులు గానీ మనోవేదనకి పరిహారం అడగలేరు. కారు గుద్ది చంపితే ఎదిగిన పిల్లలైనా అడగొచ్చు, డాక్టరు చేతిలో పోతే కుదరదు. ఈ ఏడు శాసనసభ దాన్ని రద్దు చేసే బిల్లు ఆమోదించింది. మే 29న గవర్నరు డిశాంటిస్ వీటో చేశాడు. పరిహారానికి హద్దు పెట్టకుండా రద్దు చేస్తే కేసులు ముంచెత్తుతాయట.

మనం తక్కువేం తినలేదు. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టికలో సంపాదన లేని మనిషి ఏడాది విలువ 15,000 రూపాయలు. 2001లో జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవకి నెలకి 3,000 కట్టింది, అప్పట్లో అదే పెద్ద ముందడుగని మేం పండగ చేసుకున్నాం. వైద్యం కేసుల్లోనూ మమ్మల్ని అడిగేది అదే: “మేడమ్, ఆవిడ ఏం చేసేవారు?” వంట చేసేది, నలుగురు పిల్లల్ని పెంచేది, అత్తని మోసేది. “అంటే ఏమీ చేసేవారు కాదు.” గుమాస్తా ఫారంలో గీత గీసేవాడు.

పరిహారానికి హద్దు పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. అమ్మాయి భయం నిజమే. ఆ భయానికి మందు ఇది కాదు. హద్దు ఎక్కడ తగులుతుంది? చిన్న దెబ్బకి తగలదు, పనికిమాలిన కేసుకి తగలదు. బతుకంతా మంచాన పడ్డవాడికే తగులుతుంది.

జూలై 13, ఆదివారం

ప్లీడర్లకి రుచించని లెక్కలు కూడా రాయాలి కదా. 1984లో న్యూయార్క్ రాష్ట్రంలో 51 ఆసుపత్రుల్లో ముప్ఫై వేల పైచిలుకు కేసు షీట్లు తీసి హార్వర్డ్ వాళ్లు చదివారు, ఫలితాలు 1991లో వచ్చాయి. ఆసుపత్రిలో చేరినవాళ్లలో 3.7 శాతానికి వైద్యం వల్లే హాని జరిగింది, అందులో నాలుగో వంతుకి కాస్త పైగా నిర్లక్ష్యం. నిర్లక్ష్యానికి బలైనవాళ్లలో కోర్టుకి వెళ్లింది అతి కొద్దిమంది. కోర్టుకి వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి నిర్లక్ష్యం కనిపించనే లేదు. దెబ్బతిన్నవాడొకడు, కేసు వేసినవాడొకడు. 2006లో ఇంకో అధ్యయనం 1,452 కేసులు చూసింది. పరిహారంగా ఇచ్చే ప్రతి డాలరుకీ ప్లీడర్లకి, నిపుణులకి, కోర్టుకి 54 సెంట్లు ఖర్చు. కేసులు తేలడానికి ఏళ్లు. అమ్మాయికి చదివి వినిపించాను. “సంతోషం” అని పెరుగన్నం కలుపుకుంది.

కానీ ఇద్దరికీ నచ్చింది మిషిగన్ సంగతి. ఆన్ ఆర్బర్‌లోని విశ్వవిద్యాలయం ఆసుపత్రి 2001 నుంచి పద్ధతి మార్చింది. రిచర్డ్ బూత్‌మన్ అని, అంతకుముందు కోర్టుల్లో డాక్టర్ల తరపున వాదించిన ప్లీడరు, దాన్ని నడిపాడు. తప్పు జరిగితే ముందు తామే విచారించడం, జరిగింది కుటుంబానికి చెప్పడం, తమ తప్పయితే క్షమాపణ అడిగి డబ్బు ఇచ్చేయడం, తప్పు కాకపోతే కోర్టులో గట్టిగా నిలబడటం. కేసులు పెరగలేదు. లక్ష మంది రోగుల రాకపోకలకి నెలకి ఏడు ఉన్న ఫిర్యాదులు నాలుగున్నరకి దిగాయి.

“మీరూ చేయొచ్చుగా?”

“అక్కడ డాక్టరూ, ఆసుపత్రీ, బీమా అంతా ఒకే గొడుగు. మా గ్రూపుకి బీమా వేరే కంపెనీ. ఏదైనా జరిగితే వాళ్లు చెప్పే మొదటి మాట, ఎవరితోనూ ఏమీ మాట్లాడకు.”

టెక్సస్‌లో 1999 నుంచి ఒక చట్టముంది. మీకిలా జరిగినందుకు బాధగా ఉంది అంటే దాన్ని కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. నా వల్ల పొరపాటైంది అంటే మాత్రం వాడొచ్చు. దీనికి చక్కగా ట్రైనింగు ఇస్తారట, మొదటి సగం చెప్పి రెండో సగం మింగడం ఎలాగో. అమ్మాయి అది చేసి చూపించింది. నా కూతురి నోట అంత మర్యాదైన అబద్ధం ఎప్పుడూ వినలేదు.

జూలై 27, ఆదివారం

మత్తు డాక్టరుగారు ఇవాళ మన దేశం సంగతి అడిగారు. శాంత కేసు చెప్పాను: 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చాక మాలాంటివాళ్లకి పని మొదలైంది. జ్యూరీ లేదు, హద్దూ లేదు, కోర్టు ఫీజు నామమాత్రం. అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రి అయితే ఆ తలుపూ లేదు. నిమ్స్ కేసు చెప్పాను. 1990లో ఇంజనీరింగు చదివే కుర్రవాడు ఆపరేషను తర్వాత నడుం కిందినుంచి పడిపోయాడు, సుప్రీంకోర్టులో చక్రాల కుర్చీలోంచి తన కేసు తనే వాదించుకున్నాడు. 2009లో కోటి రూపాయలు వచ్చాయి. పందొమ్మిదేళ్లు.

ఇక్కడ అరుదైనది మన దగ్గర మామూలు: పోలీసులు, గుంపులు. 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా క్రిమినల్ కేసు నడపొద్దంది. అయినా 2022 మార్చిలో రాజస్థాన్ దౌసాలో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, డాక్టరమ్మ మీద హత్యకేసు పెట్టారు. ఆవిడ ఉరేసుకుంది. కొత్త న్యాయ సంహితలో నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి డాక్టరుకి గరిష్ఠ శిక్ష రెండేళ్లు, మిగతావాళ్లకి ఐదు. అంతకంటే, ఆ స్టేషను మెట్లు ఎక్కించకుండా ఉండాల్సింది. నిర్లక్ష్యానికి సివిల్ దారి వెడల్పుగా ఉంటే ఎవడూ గుంపుని వెంటేసుకుని ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడు. పగలగొట్టినా, ప్లీడరుగా అతన్ని నేను వెనకేసుకురాను.

అమ్మాయి దౌసా సంగతి వింటూ లేచి వెళ్లిపోయింది.

ఆగస్టు 3, ఆదివారం

తెల్లవారుతూనే గుంటూరు నుంచి నా జూనియరు ఫోను. కొత్త కేసు. అరవై ఎనిమిదేళ్ల ఆవిడ, మోకాలి ఆపరేషనుకని ప్రైవేటు ఆసుపత్రిలో చేరి మూడోరోజు చనిపోయింది. కొడుకు ట్రాక్టరు మెకానిక్కు. “మేడమ్, పరిహారం ఎంత వేద్దాం? ఇరవై లక్షలా, యాభయ్యా? ఆవిడకి సంపాదన లేదు.”

అంకె సంగతి తర్వాత, ఆ అబ్బాయి ఏం అడుగుతున్నాడు అన్నాను. మూడోరోజు రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, ఆయాసం వస్తోందని తాను రెండుసార్లు చెప్పినా ఎవరూ ఎందుకు రాలేదు, అది చెప్పమంటున్నాడట. ఆసుపత్రిలో అడిగితే బిల్లింగు కౌంటరుకి పంపారట.

అయితే ముందు రికార్డులు అడగమన్నాను. 2002 మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడిగితే లెక్కకి రాదు, రాసిచ్చి స్టాంపు వేయించుకోవాలి, వేయకపోతే రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచాలి. నర్సుల డ్యూటీ చార్టు విడిగా పేరుపెట్టి అడగాలి, లేకపోతే డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి చేతిలో పెడతారు. 2019 చట్టం వచ్చాక ఏ కమిషనులో వేయాలన్నది కట్టిన బిల్లుని బట్టే, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. కాబట్టి అంకెకి తొందర లేదు. డ్యూటీ డాక్టరుని ప్రతివాదిగా ఇప్పుడే చేర్చొద్దన్నాను. చార్టు చూశాక చూద్దాం.

“అందర్నీ చేర్చడం మన పద్ధతి కదా మేడమ్” అన్నాడు.

చార్టు వచ్చాక ఫోన్ చెయ్యమని పెట్టేశాను.